కొత్త టైర్లు వేసినా మోత ఎందుకు పోలేదు?

ప్రశ్న: మాది సూర్యాపేట. 2015లో కొన్న పెట్రోల్ కారు, ముందు చక్రాలతో లాగేది, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా 50 స్పీడు దాటితే కింద గిర్ని ఆడుతున్నట్టు మోత. టైర్ల షాపతను టైర్లేనన్నాడు. ముందు రెండూ కొత్తవి వేయించినా మోత పోలేదు. ఒక మెకానిక్ జాకీ ఎత్తి, చక్రం ఊపి చూసి, ‘ప్లే లేదు, వీల్ బేరింగ్ కాదు, గేర్‌బాక్స్ బేరింగ్ పోయింది, దించాలి’ అన్నాడు. ఇంకొకాయన ముందు రెండు వీల్ బేరింగులూ మార్చేద్దాం అంటున్నాడు. మోత తన కాళ్ల కింద నుంచే వస్తోందని మా ఆవిడ అంటుంది, నాకేమో కుడివైపు అనిపిస్తుంది. హైదరాబాద్ వెళ్లేటప్పుడు కుడి వంపుల్లో మోత పెరిగినట్టు ఉంటుంది. పోయిన వానాకాలం ఒకసారి మోకాలి లోతు నీళ్లలో బండి దాటించాను. రెండు వారాల్లో పిల్లలతో తిరుపతి వెళ్లాలి. ఎవరి మాట నమ్మను? ఈ బండిలో వెళ్లొచ్చా?

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. ఈ మోతతో తిరుపతి వద్దు. సూర్యాపేట నుంచి తిరుపతి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. చాలా వరకు హైవే స్పీడు, చివర్లో ఘాట్ రోడ్డు, బండి నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. అరిగిన బేరింగ్‌కి, అంటే చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే గుండ్ల రింగుకి, గిట్టనివన్నీ ఒకేసారి మీద పడతాయి. అలాగని టెన్షన్ పడకండి, మీకు రెండు వారాలు టైమ్ ఉంది. నేను అనుకుంటున్నదే నిజమైతే ఇది మంచి షెడ్డులో సగం రోజు పని.

నేను అనుకుంటున్నది ఏమిటంటే, ముందు ఎడమ చక్రం బేరింగ్. ఉత్తరంలో మీరు ఒక వాక్యంలో తేల్చేసిన ‘కుడి వంపుల్లో పెరుగుతోంది’ అన్న ముక్కే నాకు మిగతా ఉత్తరం మొత్తం కన్నా ఎక్కువ చెప్పింది. కానీ నా మాట మీద కూడా బేరింగ్ మార్చొద్దు. ముగ్గురు మీకు మూడు మాటలు చెప్పారు, ఆ ముగ్గురిలో ఒక్కరూ బండెక్కి ఆ మోత విన్నట్టు లేదు. నాలుగో మాటగా నాదీ చేరితే మీకు ఒరిగేదేమీ లేదు. కింద చెప్పినవి మీరే చేసి చూడండి. ఒక ఆదివారం పొద్దున చాలు.

ముందుగా ఆ జాకీ ఎత్తిన మెకానిక్ మాట తేల్చాలి, ఎందుకంటే మీ గందరగోళమంతా అక్కడే మొదలైంది. ‘ప్లే లేదు కాబట్టి బేరింగ్ బాగుంది’ అన్నాడు కదా. ప్లే అంటే చక్రం వదులై ఆడటం. పాత జీపులకీ, ట్రాక్టర్ ట్రాలీలకీ ఆ మాట చాలావరకు సరిపోతుంది. వాటి హబ్‌లో, అంటే చక్రం బిగించే మధ్య భాగంలో, లోపల ఒకటి, బయట ఒకటి రోలర్ బేరింగులు విడివిడిగా ఉంటాయి. నట్టు బిగించి, కాస్త వదులు చేసి, పిన్ను పెడతారు. అరిగేకొద్దీ వదులవుతాయి, చక్రం ఊపితే టక్కున తెలుస్తుంది. మళ్లీ గ్రీజు కూరి బిగిస్తే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. ఆ బళ్ల మీద పని నేర్చుకున్న చేతికి ఊపి చూడటం అలవాటు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

మీ కారు సంగతి వేరు. అందులో ఉండేది ఒకటే బేరింగ్, లోపల రెండు వరసల గుండ్లు, రెండు పక్కలా సీలు. గ్రీజు కంపెనీలో పెట్టిందే, మనం పెట్టేదీ లేదు, బిగించి సరిచేసేదీ లేదు. మీ కారులాంటి బండి టైరు ఒక్క చుట్టు తిరిగితే సుమారు 1.9 మీటర్లు పోతుంది. అంటే మీ 1,12,000 కిలోమీటర్లలో ఆ బేరింగ్ ఐదున్నర కోట్ల సార్లకు పైగా తిరిగింది. అన్ని సార్లు గుండ్లు ఒకే దారిలో దొర్లితే ఉక్కు కూడా అలసిపోతుంది. ఉప్పు పట్టిన గోడకి పెచ్చులూడినట్టు, గుండ్లు తిరిగే గాడిలో సన్నని పెచ్చు ఒకటి లేచిపోతుంది. వేలి గోరంత కూడా ఉండదు. ప్రతి గుండూ ఆ గుంట మీద నుంచి దొర్లినప్పుడల్లా ఒక చిన్న దెబ్బ. సెకనుకి పదుల కొద్దీ అలాంటి దెబ్బలు పడితే మీ చెవికి అది గిర్ని మోతలా వినిపిస్తుంది.

ఇప్పుడు చూడండి, గోరంత పెచ్చు లేస్తే మోత వస్తుంది గానీ, గుండ్లు గాడిలో ఇంకా బిగువుగానే ఉంటాయి. చక్రం ఊపితే ఎందుకు ఆడుతుంది? ఈ తరహా బేరింగ్ ముందు అరుస్తుంది, ఆడటం చాలా తర్వాత. చక్రం చేతికి ఆడే దాకా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క. కాబట్టి ప్లే ఉంటే బేరింగ్ మీద అనుమానం పెరుగుతుంది. లేనంత మాత్రాన అనుమానం తీరదు.

ఇక రోడ్డు మీదికి రండి. ముందు టైర్లు, ఎందుకంటే మీరు సగమే తేల్చుకున్నారు. ముందువి కొత్తవి వేశారు, మరి వెనకవి? పాత టైరు ఎగుడుదిగుడుగా అరిగితే అచ్చం బేరింగ్‌లాగే మోత పెడుతుంది. వెనక నుంచి వచ్చే మోత డ్రైవరు చెవికి ఒక్కోసారి ముందు నుంచి వచ్చినట్టే ఉంటుంది. వెనక టైరు మీద అరచేయి ఆనించి, టైరు చుట్టూ ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమరండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపం పళ్లలా గీరుకుంటే ఆ టైరు మోత పెట్టే రకమే. ఇంకో పరీక్ష రోడ్డే పెడుతుంది. తారు రోడ్డు మీద నుంచి సిమెంటు రోడ్డెక్కినప్పుడు, పాత తారు దాటి కొత్త తారు మీదికి వచ్చినప్పుడు మోత తీరు మారిపోతే అది టైరుది. రోడ్డు మారినా అదే గొంతుతో పాడుతుంటే టైరు కాదు. ఇంకా అనుమానం ఉంటే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించి ఒకసారి తిరగండి. మోత తీరు గానీ చోటు గానీ మారితే టైరు మీద అనుమానం, ఏమీ మారకపోతే టైరు కాకపోవచ్చు. ఈ పని కొత్త టైర్లు కొనక ముందే చేయాల్సింది. టైర్ల షాపతను చెప్పలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

తర్వాత గేర్‌బాక్స్ సంగతి. వెనకా ముందూ బళ్లు లేని తిన్నని రోడ్డు చూసుకుని, మోత బాగా వినిపించే స్పీడులో, మీకైతే 60 దగ్గర, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే బ్రేకూ స్టీరింగూ బిగుసుకుంటాయి. ఇంజన్ చప్పుడు పడిపోతుంది. మోత అలాగే ఉండి, బండి నెమ్మదించేకొద్దీ అదీ నెమ్మదిస్తే అది ఇంజన్‌తోనో గేరుతోనో కాదు, చక్రంతో తిరిగేదేదో చేస్తున్న చప్పుడు. అదే స్పీడులో మూడో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి పోయి చూడండి. గేరు మారితే మోత మారినా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉన్నా అప్పుడు గేర్‌బాక్స్ వైపు చూడాలి.

ఆ మెకానిక్‌ని నేను తేలిగ్గా తీసేయను. గేర్‌బాక్స్ అడుగున, రెండు చక్రాలకీ శక్తి పంచే డిఫరెన్షియల్ ఉంటుంది, దాని బేరింగులు న్యూట్రల్‌లో కూడా చక్రాలతోపాటే తిరుగుతాయి. అవి పోయినా న్యూట్రల్‌లో మోత ఆగదు. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆయన తప్పని తేలదు. కానీ గేర్‌బాక్స్ దించడం అనేది చివరి అడుగు, మొదటి అడుగు కాదు. దించే ముందు కనీసం డ్రెయిన్ ప్లగ్ తీసి ఆయిల్ చూడమనండి. ప్లగ్ అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తని మడ్డి అంటుకుంటే అది మామూలే. మెరిసే రజను, పొలుసుల్లాంటి ముక్కలు ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

అసలు పరీక్ష వంపులదే. ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సు కుడికి తిరిగితే నిలబడ్డవాళ్లంతా ఎడమకి ఒరుగుతారు. కారు బరువూ అంతే. కుడికి తిప్పితే బరువంతా ఎడమ చక్రాల మీదికి వచ్చి పడుతుంది. పెచ్చులూడిన బేరింగ్ మీద బరువు పెరిగితే మూలుగు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అందుకే కుడి వంపులో పెరిగే మోత ఎడమ బేరింగ్‌ది, ఎడమ వంపులో పెరిగేది కుడి బేరింగ్‌ది. మీకు కుడి వంపుల్లో పెరుగుతోందట. ఎడమ వంపుల్లో ఏమవుతోందో మీరు రాయలేదు. అది వినండి. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే దారిలాంటి పొడవాటి వంపు మీ ఊరి దగ్గరే దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. స్పీడు మారకుండా, అద్దాలు ఎక్కించి, ఏసీ, పాటలు ఆపేసి పోండి. ఎడమ వంపులో మోత సగానికి పడిపోతే, లేదా పూర్తిగా మాయమైతే, నాకు ఇక పెద్దగా అనుమానం ఉండదు.

ఎటు వినిపిస్తోంది అన్నదాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. ఒకసారి నేనే దెబ్బతిన్నాను. ఒకాయన కారు తెచ్చాడు, అచ్చం మీలాంటి మోతే. ఇద్దరం ఎక్కి తిరిగాం, ఇద్దరి చెవులకీ కుడివైపే. నేను డ్రైవరు సీట్లో ఉన్నాను కదా, నా పక్కన చప్పుడు నాకు గట్టిగా వినిపించింది. వంపుల్లో పెట్టి చూడాలన్న ఓపిక ఆ రోజు లేదు, సాయంత్రం అయిపోతోంది. కుడి బేరింగ్ విప్పి, కొత్తది ప్రెస్సింగ్ చేయించి బిగించాం. మర్నాడు ఆయన వచ్చి ‘మోత మీకే వదిలేసి పోదామని వచ్చాను’ అన్నాడు. ఎడమది మార్చాక పోయింది. రెండోసారి కూలీ అడగలేదు, అడిగే మొహం లేదు. ఇనుప బాడీలో చప్పుడు నేల రేకు వెంబడి పాకుతుంది, ఎక్కడ పుట్టిందో అక్కడే వినిపించాలని లేదు. అయితే మీ ఇంట్లో జరుగుతున్న వాదంలో ఈసారి మీ ఆవిడే నెగ్గేలా ఉన్నారు. ఆవిడ కూర్చునేది ఎడమవైపే కదా.

వంపు పరీక్ష కూడా నూటికి నూరుపాళ్లు కాదు. బేరింగ్‌లో రెండు వరసలున్నాయని చెప్పాను. ఏ వరస పాడైందన్న దాన్నిబట్టి ఒక్కోసారి వంపుల్లో మోత పెద్దగా మారకపోవచ్చు. అందుకే చివరికి చేత్తో తాకి తేల్చుకోవాలి. అందుకు జాకీ కావాలి.

బండిని గట్టి, చదునైన నేల మీద నిలపండి. హ్యాండ్ బ్రేక్ లాగండి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో. ముందు ఒక చక్రం, జాకీ పెట్టాల్సిన చోటే పెట్టి, నేలకి రెండంగుళాలు లేచేలా ఎత్తండి. బండితో వచ్చిన జాకీని నమ్మి చేయి లోపల పెట్టొద్దు. కింద స్టాండు పెట్టండి, స్టాండు మీద బరువు ఆనాకే పని మొదలుపెట్టండి. స్టాండు లేకపోతే ఈ పరీక్ష షెడ్డులోనే చేయించండి. సిమెంటు ఇటుకలు పేర్చి స్టాండు అనుకునేవాళ్లని చూశాను. అవి పగిలేటప్పుడు చెప్పి పగలవు.

ముందు చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి లోపలికీ బయటికీ ఊపండి. తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపండి. పక్కల మాత్రమే ఆడితే స్టీరింగ్ వైపు, అంటే చక్రాన్ని పక్కకి తిప్పే టై రాడ్ ఎండ్ లాంటివి చూడాలి. పైనా కిందా ఆడితే బేరింగ్ కావచ్చు, చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటూ కావచ్చు. రెండింటినీ విడదీయడానికి ఒక కిటుకు ఉంది. ఇంకొకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి, మళ్లీ పైనా కిందా ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు డిస్కుని ప్యాడ్లు పట్టేస్తాయి, హబ్‌కీ, బేరింగ్ కూర్చునే నకిల్ అనే ముక్కకీ మధ్య కదలిక ఉండదు. ఆట ఆగిపోతే అది బేరింగ్‌లోది. బ్రేకు తొక్కినా ఆడుతూనే ఉంటే బాల్ జాయింటుది. మీ చక్రానికి అసలు ఆటే లేదన్నారు కాబట్టి ఇది మీకు పెద్దగా ఉపయోగపడకపోవచ్చు. కానీ బాల్ జాయింట్ వదులైతే అది బేరింగ్ కన్నా ప్రమాదం, పనిలో పనిగా చూసుకోండి.

ఇప్పుడు మీకు కావాల్సిన పరీక్ష. చక్రం పైనుంచి చేయి పోనిచ్చి, సస్పెన్షన్ స్ప్రింగు చుట్టను వేళ్ల కొసలతో తేలిగ్గా తాకండి. చుట్టల మధ్య వేళ్లు దూర్చొద్దు. బిగించి పట్టుకోవద్దు, నాడి చూసినట్టు తాకితే చాలు. రెండో చేత్తో చక్రాన్ని నిదానంగా, ఆపకుండా తిప్పండి. బాగున్న బేరింగ్ అయితే స్ప్రింగు మీద వేళ్లకి ఏమీ తెలియదు. పోయిన బేరింగ్ అయితే సన్నని వణుకు వస్తుంది, ఒళ్లో పడుకున్న పిల్లి గురగుర చేతికి తగిలినట్టు. చెవికి వినిపించనిది కూడా వేళ్లకి అందుతుంది. హబ్ నుంచి నకిల్‌కి, అక్కడి నుంచి షాక్ అబ్జార్బర్ ఉండే స్ట్రట్‌కి, స్ప్రింగుకి చప్పుడు పాకుతుంది, స్ప్రింగు దాన్ని తంబూర తీగలా పట్టిస్తుంది. చక్రం తిరిగేటప్పుడు ఒక చుట్టుకి ఒకసారి ‘సుర్’ మని బ్రేకు ప్యాడు రాసుకుంటుంది, దాన్ని పట్టించుకోకండి. బేరింగ్ గరుకు చుట్టంతా ఉంటుంది, ఇసుక నమిలినట్టు.

ఒక చక్రం చూసి తీర్పు చెప్పేయకండి. అలాగే రెండోది ఎత్తి, అదే వేళ్లతో, అంతే నిదానంగా తిప్పి చూడండి. కొత్త చేతికి ఒకటి చూస్తే ఏదీ అర్థం కాదు, రెండూ చూస్తే తేడా దానంతట అదే తెలుస్తుంది. చివర్లో వెనక చక్రాలు కూడా ఒక్కోటి ఎత్తి, ఈసారి ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ దించి తిప్పి చూడండి. వెనక బేరింగులూ పోతాయి, ముందు వాటి మీద నేరం మోపి తప్పించుకుంటాయి కూడా.

ఇంజన్ స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, గాలిలో చక్రం తిప్పి వినే పద్ధతి ఒకటుంది. అది ఇంట్లో వద్దే వద్దు. ఒక చక్రం నేల మీద, ఒకటి గాలిలో ఉంటే, గాలిలోది మీటరు చూపించే స్పీడుకి రెట్టింపు తిరుగుతుంది. డిఫరెన్షియల్ పని అది. బండి స్టాండు మీద నుంచి జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లిఫ్టు ఉన్న షెడ్డులో, మెకానిక్ స్టెతస్కోపుతో నకిల్ మీద విని చెబుతాడు. ఎడమ నకిల్, కుడి నకిల్, గేర్‌బాక్స్ పక్క డిఫరెన్షియల్ ఉండే చోటు, ఈ మూడు చోట్లా విని ఎక్కడ ఎక్కువో చెప్పమని మీరే అడగండి. గేర్‌బాక్స్ అన్నాయనకీ, మీకూ మధ్య పంచాయితీ అక్కడితో తెగిపోతుంది.

బేరింగ్ కాని కొన్ని చప్పుళ్లు కూడా ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు ‘టకటక’ మంటే అది డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటు. బ్రేకు తొక్కితే మారే గీకుడు ప్యాడ్లది. డిస్కు వెనక రేకుకీ డిస్కుకీ మధ్య కంకర రాయి ఇరుక్కుంటే వచ్చే కీచుమనే చప్పుడు విని బేరింగ్ మార్చుకోబోయినవాళ్లున్నారు. కాస్త వెనక్కీ ముందుకీ నడిపితే రాయి దానంతట అదే పడిపోతుంది. మీ మోత వీటిలో దేనిలాగా లేదు.

ఆ మోకాలి లోతు నీళ్ల గురించి మీరు మొహమాటంగా ఒక ముక్క రాసి వదిలేశారు గానీ, నా లెక్కలో అది పెద్ద సంగతే. కొంత దూరం నడిచిన బండిలో హబ్ వేడిగా ఉంటుంది. అలాగే చల్లని నీళ్లలోకి దిగితే బేరింగ్ లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, సీలు అంచు నుంచి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. ఆ రోజు ఏమీ తెలియదు. గ్రీజు పాలిపోతుంది, తుప్పు చుక్కలు పడతాయి, కొన్ని నెలలకి పెచ్చులు మొదలవుతాయి. అప్పటికి నీళ్ల సంగతి మనం మర్చిపోయి ఉంటాం. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు కాలనీల మీద పడ్డప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండి కొనబోయేవాళ్లు ఇంజనూ సీట్లూ చూసినంత శ్రద్ధగా నాలుగు చక్రాల బేరింగులూ తిప్పి చూడాలి. సర్వీసింగులో వాటర్ గన్ నేరుగా హబ్ మీద పెట్టి కొట్టడం, గుంతలో ధడేల్మని పడటం, అందం కోసం బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్ చక్రాలు వేయించడం, ఇవన్నీ ఆ బేరింగ్ ఆయుష్షు తినేవే.

ఎడమదే అని తేలితే మార్పించేటప్పుడు కొన్ని చోట్ల మీరు దగ్గరుండండి. మీ తరహా బండ్లలో చాలావాటికి బేరింగ్‌ని నకిల్‌లోకి ప్రెస్ మీద ఎక్కించాలి. కొన్నిటికి హబ్‌తో కలిసిన ముక్క బోల్టులతో వస్తుంది, అది సులువు. ప్రెస్ రకం అయితే సుత్తితో కొట్టి ఎక్కించే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి. నకిల్‌లోకి దింపేటప్పుడు బేరింగ్ బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి. లోపలి రింగు మీద నొక్కితే ఆ బరువంతా గుండ్ల మీద పడి గాడిలో నొక్కులు పడతాయి. కొత్త బేరింగ్ పెట్టిన వారానికే మోత మొదలైందంటే చాలాసార్లు కారణం ఇదే, పాపం కంపెనీకి చుట్టుకుంటుంది. తర్వాత హబ్‌ని ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి కింద ఆనుపు ఉండాలి. పాత బేరింగ్ లోపలి రింగు ఒక ముక్క హబ్‌కే అంటుకుని వస్తుంది. దాన్ని గ్రైండర్‌తో కోసేటప్పుడు హబ్ కూర్చునే చోట గాటు పడితే, ఆ హబ్ కూడా మార్చాల్సిందే. చేత్తో తడిమి చూడండి.

మీ బండికి ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉంటే ఇంకొకటి. చాలా బేరింగుల్లో ఒకవైపు సీలులో అయస్కాంత పట్టీ ఉంటుంది, ఏబీఎస్ సెన్సర్ దాన్ని చూసే చక్రం స్పీడు లెక్కగడుతుంది. ఆ వైపు సెన్సర్ ఉన్న పక్కకే రావాలి. తిరగేసి ఎక్కిస్తే బేరింగ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, మీటరులో ఏబీఎస్ దీపం మాత్రం ఆరదు. మళ్లీ విప్పితే ఆ కొత్త బేరింగ్ పనికిరాదు. బిగించేటప్పుడు షాఫ్ట్ నట్టు, బేరింగ్ జారకుండా పట్టే సర్‌క్లిప్ కొత్తవే వేయమనండి. షాఫ్ట్ నట్టుని ఎయిర్ గన్‌తో డ్డర్రుమని బిగించి వదిలేయకుండా, బిగువు కొలిచే టార్క్ రెంచితో మీ మోడల్‌కి కంపెనీ చెప్పిన లెక్కకే బిగించాలి. ఆ నట్టు బిగువే బేరింగ్ లోపలి రెండు రింగుల్నీ కలిపి పట్టి ఉంచుతుంది. నట్టు బిగించకుండా బండిని నేల మీదికి దించి నెట్టడం కూడా చేయొద్దు. నకిల్ విప్పారు కాబట్టి తర్వాత అలైన్‌మెంట్ చూపించండి.

రెండోవైపుదీ మార్చాలా? అక్కర్లేదు. బ్రేకు ప్యాడ్లలా జంటగా మార్చే వస్తువు కాదిది. మీ వేళ్లకి కుడిది నున్నగా తగిలితే దాన్ని కదపకండి. బాగున్నదాన్ని విప్పి ప్రెస్ మీద పెట్టడం కొత్త సమస్య కొనుక్కోవడమే. రెండూ గరుకుగా తగిలితే అప్పుడు రెండోమెకానిక్ చెప్పిందే చేయండి. బేరింగ్ మాత్రం పేరున్నది, తెలిసిన డీలరు దగ్గర, బిల్లుతో కొనండి. బజారులో నకిలీవి ఎక్కువ. పెట్టె అచ్చం అలాగే ఉంటుంది. ఎస్‌కేఎఫ్ వాళ్లదైతే అసలుదో కాదో చూసుకోవడానికి వాళ్ల యాప్ కూడా ఉంది. ధర మరీ చవకగా చెబితే ఆ షాపు మెట్లు దిగేయండి.

ఈలోగా బండి వాడొచ్చా అంటే, ఊళ్లో పిల్లల్ని బడిలో దింపడం లాంటి చిన్న పనులకి నెమ్మదిగా వాడుకోండి, హైవే ఎక్కొద్దు. మోత ఒక్కసారిగా పెరిగినా, స్టీరింగ్ వణికినా, బ్రేకు పెడల్ ముందెన్నడూ లేనంత కిందికి పోయినా, ఏబీఎస్ దీపం వెలిగినా, ఆగాక ఒక చక్రం దగ్గర కాలిన వాసనా సెగా తగిలినా, అక్కడే ఆపి టోయింగ్ వాడిని పిలవండి. లోపల గుండ్లు చితికి చక్రం పక్కకి ఒరిగే దశ దాకా తోలినవాళ్లు ఉన్నారు.

పని అయ్యాక పాత బేరింగ్ అడిగి తీసుకోండి, చెత్తబుట్టలో వేయనివ్వకండి. సీలు పీకి, గ్రీజు గుడ్డతో తుడిచి, గాడిని ఎండలో పెట్టి చూడండి. బూడిద రంగు పెచ్చు ఒకటి, దాని పక్కన తుప్పు మరకలు కనిపిస్తే అదే మీ రెండు నెలల గిర్ని. గాడి అద్దంలా మెరుస్తుంటే మాత్రం ఆ మెకానిక్‌కి డబ్బులిచ్చే ముందు బండెక్కించి, ఇద్దరూ కలిసి ఒక కుడి వంపు తిరిగి రండి. మోత నిజంగా పోతే అదే వారం హైదరాబాద్ ఒకసారి వెళ్లి రండి. మొదటి వంద కిలోమీటర్లకి ఆగి వీల్ నట్లు ఒకసారి బిగించుకోండి. తిరుపతి ఆ తర్వాతే. ఈలోపు కుదరకపోతే మాత్రం రైలుకి రిజర్వేషన్ చూసుకోండి.